అమ్మేసిన కొడుక్కి పన్ను మినహాయింపు

మా ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి నా టేబుల్ మీద ఒక ఫారం పెట్టి, "మీ అమ్మానాన్నల్లో ఎవరైనా మీతో కలిసి ఉంటున్నారా?" అని అడిగింది. అమ్మ ఉంది అన్నాను. "అయితే ఆవిడ మీ పోషణలో ఉన్నట్టు చూపించి జీతం పన్నులో మినహాయింపు తీసుకోవచ్చు. ఇంటి జాబితా నకలు, వార్డు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం తెచ్చివ్వండి, చాలు" అంది.

చాలు అనే మాట కాగితాలు అడిగేవాళ్ళ నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో చూశారా?

నేను ఇక్కడ బర్మాలో, సేక్కాన్ రేవులో ఓడల సరుకు చూసే ఏజెంటు దగ్గర ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాని. పాత మేనేజరు ఉన్నన్నాళ్ళూ మా అందరి పన్నూ ఆయనే ఏదో రాసి పంపేసేవాడు. అందులో ఏం రాశాడని అడిగే ధైర్యం మాకు లేదు, చెప్పే తీరిక ఆయనకు లేదు. ఈ అమ్మాయి వచ్చాక అన్నీ పద్ధతి ప్రకారం మొదలయ్యాయి. వారం తిరిగేసరికి ఆఫీసులో ఎవరి నోట విన్నా అమ్మానాన్నల మాటే. నా పక్క టేబుల్ ఆయన తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ రాయించాడు. డ్రైవరు అత్తగారిని కూడా రాయించబోయి, కుదరదని చెప్పేసరికి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఊరికే వచ్చేదాన్ని వదులుకునే గుణం నాకూ లేదు. టీ కొట్లో చేపల పులుసు పోసిన మొహింగా సేమ్యా తిన్నా, నిమ్మకాయ ముక్క ఇంకొకటి అడిగి వేయించుకుంటే గాని నాకు తిన్నట్టుండదు.

కాని నాకో చిక్కుంది. కాగితాల ప్రకారం నాకు తల్లి లేకపోలేదు, ఉంది. ఆవిడ మా అమ్మ కాదు, అంతే.

ఇది అర్థం కావాలంటే నేను అమ్ముడుపోయిన సంగతి చెప్పాలి.

నాకు ముందు మా అమ్మకి ఇద్దరు పుట్టారు. మొదట అబ్బాయి, మూడు నెలలు బతికాడు. తర్వాత అమ్మాయి, అడుగులు కూడా వేసింది, ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయింది. మూడోసారి నేను పుట్టేసరికి మా నానమ్మ ఇక ఊరుకోలేదు. మా పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి ఓడెక్కి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సామాను తక్కువే గాని, ఇలాంటి ఉపాయాలు మాత్రం మూటలకొద్దీ తెచ్చుకున్నారు. పుట్టినవాళ్ళు నిలవకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి పక్కింటివాళ్ళకి తవుడుకి అమ్మేయాలి. అమ్మేశాక వాడు మన బిడ్డ కాడు. మన బిడ్డ కానివాడి కోసం యముడికి మన గుమ్మంలో పనేముంటుంది?

అప్పట్లో మా వాళ్ళు అహ్లోన్ పేటలో బియ్యం మిల్లు వెనక వరస ఇళ్ళలో ఉండేవారు. మా నాన్న ఆ మిల్లులో బస్తాలు మోసేవాడు. మాకూ పక్కింటికీ మధ్య వెదురు తడిక ఒక్కటే అడ్డం. పక్కింట్లో మిల్లు గుమాస్తా, ఆయన భార్య ఉండేవారు, బర్మావాళ్ళు. ఆవిడ పెరట్లో రెండు పందుల్ని పెంచేది. వాటికి పెట్టే తవుడులోంచి చేటెడు తవుడు తెచ్చి మా అమ్మ చేతిలో పోసి, నన్ను ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ పూట నా మూలంగా పందులు పస్తున్నాయి. నన్ను ఇంట్లో పిలిచే పేరు కూడా ఆ తవుడు మీదే పెట్టారు. అదేమిటో ఇక్కడ రాయను, ఆఫీసులో తెలిస్తే నా పరువు దక్కదు.

ఇక్కడిదాకా మా వాళ్ళలో మామూలే. తంతు అయిపోయాక బిడ్డను తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టేస్తారు, పెళ్ళి నాటికి అంతే తవుడు తిరిగిచ్చి కొనుక్కుంటారు, ఈలోగా అందరూ మరిచిపోతారు. కాని మా పక్కింటావిడ మరిచిపోయే మనిషి కాదు. దొంగపని చేసినా దొరలాగా చేయాలనే మనిషి. "నోటిమాటతో అమ్మితే ఎవరు నమ్ముతారు? దేవతల్ని నమ్మించాలంటే ముద్ర పడిన కాగితం ఉండాలి" అని భర్తను వార్డు ఆఫీసుకి పంపి, నన్ను వాళ్ళ ఇంటి జాబితాలో వాళ్ళ కొడుకుగా రాయించేసింది. ఇంటి జాబితా అంటే ఇక్కడ ప్రతి ఇంటికీ ఉండే సర్కారు కాగితం. ఆ కప్పు కింద ఎవరెవరున్నారో, ఎవరికి ఎవరేమవుతారో అందులో ఉంటుంది. బళ్ళో చేర్చాలన్నా, ఉద్యోగానికి వెళ్ళాలన్నా ముందు అడిగేది దాన్నే.

మా అమ్మ ఆ రోజు ఎంత సంతోషించిందో నానమ్మ కథలు కథలుగా చెప్పేది. ఎందుకంటే మా అమ్మ లెక్కలో యముడు కూడా వార్డు ఆఫీసు గుమాస్తా లాంటివాడే. జాబితా చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. మన ఇంటి జాబితాలో లేని పేరు ఆయన పిలవలేడు.

తర్వాత వరస ఇళ్ళు పోయి అక్కడే మేడ లేచింది. మాకు కింద వాటా, వాళ్ళకి పై వాటా వచ్చింది. కాగితాల ప్రకారం ఈనాటికీ నేను, నా భార్య, మా అమ్మాయి మూడో అంతస్తులో ఆ పెద్దావిడతో కాపురం ఉంటున్నాం. నాన్న పోయాక కింద వాటాలో మా అమ్మ ఒక్కతే ఉంటోంది. నిజానికి మేం నలుగురం కిందే ఉంటాం, పైన ఆవిడ ఒక్కతే టీవీ పెద్దగా పెట్టుకుని ఉంటుంది.

మా అమ్మ ఈ అమ్మకాన్ని ఒక్కరోజు కూడా తేలిగ్గా తీసుకోలేదు. నన్ను "అమ్మా" అని పిలవనివ్వలేదు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆవిడ నాకు "సిన్నమ్మ". ఎవరైనా "మీ అబ్బాయా?" అని అడిగితే, "కాదు, పైవాళ్ళ అబ్బాయి" అనేది. చిన్నప్పుడు ఈత రాకుండా నదిలో దిగినందుకు నా వీపు చిట్లగొట్టింది. పక్కనున్నవాళ్ళు అడ్డం వస్తే, "మందిపిల్లడు, ఏటన్నా అయితే నాను ఆళ్ళకేటి సెప్పుకోవాల?" అంటూ ఇంకో రెండు వేసింది. పైనావిడ మాత్రం తన హక్కులు పూర్తిగా వాడుకుంది. తొమ్మిదో ఏట నాకు వాళ్ళ పద్ధతిలో గుండు చేయించి, కాషాయం కట్టించి వారం రోజులు మఠంలో ఉంచింది. కొడుకుని అలా పంపడం తల్లికి గొప్ప పుణ్యమట. పుణ్యం ఏ తల్లి ఖాతాలో పడిందో నాకు తెలియదు గాని, మా అమ్మ గుంపులో పొరుగింటి మనిషిలాగా నిలబడి, సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్న నా తలనీలాలు కూడా అదే గుండులో చెల్లించేసుకుంది.

నా పెళ్ళికి అసలు గొడవ జరిగింది. తవుడు తిరిగిచ్చి నన్ను కొనుక్కోవలసిన రోజు అదే. పెద్దలంతా కూర్చున్నారు, చేట కూడా సిద్ధంగా ఉంది. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. ఎంత పిలిచినా రాలేదు. "ఇన్నాళ్ళూ బాగున్నాడు గదా, ఇప్పుడెందుకు కదిలించడం?" అని లోపలి నుంచే కేక వేసింది. చివరికి పీటల పక్కన వరుడి తల్లి చోట పైనావిడే పట్టు లుంగీ కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని కూర్చుంది. మా మామగారివాళ్ళు గంజాం వైపువాళ్ళు. వరుడు చూడబోతే నల్లగా తెలుగువాడు, తల్లి చూడబోతే బర్మా మనిషి. వాళ్ళు ముఖాలు చూసుకున్నారే గాని, మర్యాదస్తులు కాబట్టి ఏమీ అడగలేదు. నా భార్య ఆ సంగతి ఇప్పటికీ ఎత్తి పొడుస్తుంది, అది కూడా ఒడియాలో.

ఇదీ చిక్కు. అయినా ఫారం చేతిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళాను. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఎండు రొయ్యల్లో చెత్త ఏరుతోంది.

"సిన్నమ్మా, ఒక సంతకం కావాలి" అన్నాను.

"దేనికి?"

"నువ్వు నా పోషణలో ఉన్నావని. పన్ను తగ్గుద్ది."

"ఉన్నాను గదేటి. ఎట్టు, ఏలేస్తాను" అంది చేతులు దులుపుకుంటూ. సంతకం చేయడం వచ్చినా ఆవిడకి వేలిముద్ర మీదే గురి.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నాకు నిజాయితీ ఎక్కువ. "నువ్వు నా కన్నతల్లివని కూడా రాయాలి. వార్డు ఆఫీసులో సెప్పాలి" అన్నాను.

ఆవిడ వేలు వెనక్కి తీసేసుకుంది. "నీకేటి మతోయిందా? నానొప్పను."

"ఏటవుద్ది?"

"ఏటవుద్దా? ఇద్దర్ని ఎత్తుకెళ్ళినోడు ఆడు. ఇన్నేళ్ళు ఆడి కంట పడకుండా నిన్ను దాసినాను. ఇప్పుడు నా అంతట నాను ఆఫీసుకెళ్ళి, బాబూ ఈడు నా కొడుకే, మా ఇంట్లోనే ఉన్నాడు అని రాయించాలా? ఆడికి సెవులు లేవనుకున్నావేటి?"

"నాకు నలభయ్యారేళ్ళు సిన్నమ్మా. బీపీ మాత్రలు మింగుతున్నాను."

"సూసినావా?" అంది ఆవిడ. ఫారం మాట ఎత్తినందుకే బీపీ వచ్చినట్టు చూసింది నన్ను.

మా అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. దానికి మూడు భాషలూ సగం సగం వచ్చు, నోరు మాత్రం పూర్తిగా వచ్చు. గదిలోంచి తల బయటికి పెట్టి, "నానమ్మా, నేను నీ మనవరాలినా కాదా?" అంది.

"ఎందుకు కావే, నా తల్లివి."

"అమ్మ నీ కోడలా?"

"కోడలే."

"మరి మధ్యలో నాన్న ఎవరు?"

అమ్మ ఎండు రొయ్యల్ని ఇంకోసారి కెలికింది. "ఆ గొడవ నీకెందుకు? ఎల్లి సదుకో" అంది.

నాకు కోపం వచ్చింది. దాచడమెందుకు, చాలా కోపం వచ్చింది. మినహాయింపు పోతుందని మొదలైన కోపం, ఎక్కడెక్కడి సంగతులో తవ్వుకుంటూ వెళ్ళింది. బడి పండగకి అందరి తల్లులూ వస్తే, మా అమ్మ గేటు బయట నిలబడి చూడటం. నేను పాసైనప్పుడు మిఠాయి పంచి, "పైవాళ్ళ అబ్బాయి పాసయ్యాడు" అని చెప్పడం. ఫారం అక్కడే పడేసి, చెప్పులు వేసుకుని పైకి వెళ్ళిపోయాను.

పైనావిడకి డెబ్బయ్యెనిమిదేళ్ళు. చెంపలకి తనకా చెక్క గంధం పూసుకుని, టీవీ ముందు లపెట్, అదే ఊరబెట్టిన టీ ఆకు, నములుతూ కూర్చుంది. నేను "అమే" అని పిలుస్తాను ఆవిడని. అంటే వాళ్ళ భాషలో అమ్మే. విషయమంతా విని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "నీకు కావలసింది ఒక తల్లే కదా, నేనున్నాను. జాబితాలో పేరు కూడా సిద్ధంగా ఉంది. నన్ను రాయించుకో" అంది.

"మీకు మీ ఆయన పింఛను వస్తోంది. మీ కూతుళ్ళు మాండలే నుంచి డబ్బు పంపుతున్నారు. నేను మిమ్మల్ని ఎక్కడ పోషిస్తున్నాను?"

"నెలకోసారి నీ భార్య చేపల పులుసు పంపుతుంది కదా?"

అది అబద్ధం ఫారం అవుతుందన్నాను. ఆవిడ నవ్వు ఆపి, "అయితే మీ అమ్మని రాయించు. సాక్షికి నేను వస్తాను. కన్నది ఆవిడే అని నేను చెబుతాను. కొన్నదాన్ని నేను, నాకంటే సాక్షి ఎవరు?" అంది. ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు వార్డు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా మా వీధివాడే. చిన్నప్పుడు మా ఇంటి గుమ్మంలో కూర్చుని, మా అమ్మ చేసిన రొయ్యల పచ్చడి అన్నం తిన్నవాడే. నేను చెప్పిందంతా విని, "వీధి మొత్తానికి తెలిసిన విషయానికి ఇంత కథా? మీ అమ్మని తీసుకురా. తన నోటితో నా ముందు ఒక్కమాట చెబితే చాలు, ఉత్తరం నేను రాసిస్తాను" అన్నాడు. మళ్ళీ అదే మాట, చాలు.

ఆ ఒక్కమాట కోసం నేను పడిన పాట్లు చెబితే నవ్వుతారు. ముందు నా భార్యను ప్రయోగించాను. ఆవిడ అరగంట మాట్లాడి, అత్తగారి పక్షానికి వెళ్ళిపోయి తిరిగొచ్చింది. తర్వాత మా గుడి పంతులుగారిని ఇంటికి పిలిచాను. ఆయన కాఫీ తాగి, గొంతు సవరించుకుని, "అమ్మా, గండం ఏనాడో దాటిపోయింది. పెళ్ళయింది, బిడ్డ పుట్టింది. ఇక ఏ దోషమూ ఉండదు" అన్నారు.

అమ్మ చేతులు కట్టుకుని వినయంగా విని, "దాటిపోయిందని తవరు రాసిత్తారా పంతులుగారూ?" అని అడిగింది.

"రాసివ్వడమేమిటమ్మా?"

"ఈడు నన్ను రాయమంటన్నాడు గదా. తవరూ రాయండి. ఈడికేటన్నా అయితే నాది పూచీ అని సంతకం ఎట్టండి. అప్పుడు నాను ఏలేత్తాను."

పంతులుగారు గొడుగు తీసుకున్నారు. బయట వాన కూడా లేదు.

వారం గడిచింది. ఆఫీసులో ఆ అమ్మాయి రోజూ, "ఉత్తరం వచ్చిందా?" అంటుంది. నేను రోజూ, "అమ్మకి ఒంట్లో బాగాలేదు" అంటాను. ఇంటికొచ్చి అన్నం దగ్గర ముభావంగా కూర్చుంటాను. పులుసు బాగుందా అని అమ్మ అడిగితే, "నాకేం తెలుసు, పైవాళ్ళ అబ్బాయిని" అన్నాను ఒకరోజు. ఆ మాట అనకుండా ఉండవలసింది. అమ్మ గరిటె కింద పెట్టి నా ముఖం చూసింది. ఆ పూట ఆవిడ కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు పొద్దున్నే నేను బయల్దేరుతుంటే గుమ్మం దగ్గరికి వచ్చి, "ఎప్పుడెల్లాల ఆ ఆఫీసుకి?" అంది.

"వస్తావా?"

"వొత్తాను. ఆళ్ళు అడిగినదానికి సెప్తాను. మళ్ళీ మళ్ళీ ఈ గొడవ నాకొద్దు. ఒక్కసారి సెప్పీసి వొచ్చీత్తాను."

నాకు ఎంత ఆనందం వేసిందంటే, ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు చెప్పి, పైకి మూడేసి మెట్లు చొప్పున ఎక్కి ఆవిడకి కూడా చెప్పాను.

ఆ ఏడాది పన్ను పూర్తిగా కట్టాను. ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను, నాకు మినహాయింపు వచ్చిందేమో అని మీరు ఆశపడకుండా.

ఇక్కడి సైకిల్ రిక్షాలో ఇద్దరు వీపులు ఆనించుకుని కూర్చోవాలి. ఒకరు ముందుకి చూస్తారు, ఇంకొకరు వెనక్కి చూస్తారు. ఎవరు ముందుకి కూర్చోవాలని మా మేడ కింద పావుగంట వాదన జరిగింది. "నేను సాక్షిని" అంది పైనావిడ. "నాను లేకపోతే నీకు సాచ్చికమే లేదు" అంది మా అమ్మ, తనకొచ్చిన బర్మీలో. చివరికి అమ్మ ముందుకి, ఆవిడ వెనక్కి కూర్చున్నారు. పైనావిడ బరువుకి బండి ఒక పక్కకి ఒరిగింది. రిక్షావాడు నాకేసి జాలిగా చూసి తొక్కడం మొదలుపెట్టాడు. నేను వెనకాల నడుస్తూ వెళ్ళాను. పైనావిడ నాకెదురుగా కూర్చుని, దారిపొడుగునా విసనకర్రతో నాకు ధైర్యం చెబుతూనే ఉంది.

వార్డు ఆఫీసులో కరెంటు లేదు. గుమాస్తా ఒక ఫైలుతో విసురుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి, పెద్దవాళ్ళిద్దరికీ కుర్చీలు వేయించాడు. ఇద్దరి మధ్యా నాకొక స్టూలు వేశాడు. కాగితం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, "అమ్మా, ఇతను మీకేమవుతాడు?" అని అడిగాడు.

"ఏమీ కాడు" అంది మా అమ్మ బర్మీలో, ఒక్కొక్క మాటా సరిచూసుకుని.

నేను విన్నది తప్పేమో అనుకున్నాను. గుమాస్తా కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. "ఏమీ కాడా?"

"పైవాళ్ళ అబ్బాయి. కావాలంటే ఈవిడ్నే అడగండి."

పైనావిడ విసనకర్ర ఆగిపోయింది. ఆవిడ వచ్చింది ఒక సాక్ష్యానికి, ఇక్కడ పడింది ఇంకో ప్రశ్న. మా అమ్మ ముఖంలోకి చూసి, ఏం కనిపించిందో ఏమో, "కాగితంలో అలాగే ఉంది మరి" అని నెమ్మదిగా అంది.

"మీరు ఎక్కడ ఉంటారు?" గుమాస్తా అమ్మనే అడిగాడు.

"కింద వాటాలో. నేను ఒక్కదాన్నే."

"ఇతను, ఇతని భార్య, పాప?"

"పైన. భోజనానికి కిందికి వస్తారు."

"పడుకోవడానికి?"

"కిందికే వస్తారు."

"ఇరవై ఏళ్ళుగానా?"

"పైకి మెట్లు ఎక్కువ" అంది మా అమ్మ.

గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ తిండీ గుడ్డా ఎవరు చూస్తారు?"

"ఇతనే. మంచి పిల్లాడు. పెంపకం అలాంటిది" అని పైనావిడ వైపు తల తిప్పి మెచ్చుకోలుగా ఊపింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇందుకా నేను సెలవు పెట్టింది? "సిన్నమ్మా, ఏటిది?" అని స్టూలు మీద నుంచి లేవబోయాను. బల్ల కింద నుంచి అమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కూర్చున్నాను.

"సరే" అన్నాడు గుమాస్తా నిట్టూర్చి, "మీ వివరమైనా రాసుకోనివ్వండి. మీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు" అంది అమ్మ.

ఆయన ముఖం విప్పారింది. కలం ఎత్తి నాకేసి కన్ను గీటాడు. "అలా రండి దారికి. ఇతను పెద్దవాడా, చిన్నవాడా?"

"ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఇద్దరూ పోయారు."

వాళ్ళిద్దరి సంగతీ నేను నానమ్మ నోట విన్నదే గాని, అమ్మ నోట ఆ రోజు దాకా ఒక్కసారి కూడా వినలేదు. ఆవిడ గుమాస్తా వైపు చూడటం లేదు. ఆయన వెనకాల, ఫైళ్ళు పేర్చిన మూల వైపు చూస్తోంది. అక్కడ ఇంకెవరో నిలబడి జాబితా సరిచూసుకుంటున్నట్టు, వాళ్ళకి వినపడాలనే గట్టిగా చెప్పినట్టు ఉంది. బల్ల కింద నా మణికట్టు మీద పట్టు ఇంకా బిగించింది. గాజులు ఎముకకి గుచ్చుకుంటున్నాయి. ఆ మాట అనడానికి ఆవిడ రాత్రంతా ఎలా సిద్ధపడిందో నాకు అప్పుడు తెలిసింది. వారం రోజులు అన్నం దగ్గర ముఖం మాడ్చుకున్నందుకు నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

గుమాస్తా కలం కింద పెట్టేశాడు. ఆయనకీ తెలుసు, మా వీధివాడే కదా. నన్ను మెల్లగా అడిగాడు. "నువ్వేమంటావు? నువ్వు చెప్పిందే రాస్తాను."

ఎడమ చెయ్యి అమ్మ దగ్గరుంది. కుడి చెయ్యి పైనావిడ భుజం మీద వేశాను.

"ఆవిడ చెప్పింది నిజమే" అన్నాను. "నేను ఈవిడ కొడుకుని."

గుమాస్తా రాసుకున్నాడు. ముద్ర వేసి, సంతకం పెట్టి, కాగితం మడిచేదాకా అమ్మ నా చెయ్యి వదల్లేదు.